మందే వద్దన్న మనిషికి జావలో మార్ఫిన్ కలపొచ్చా?

వేదిక నిర్వాహకులు
ఈ వారం చర్చకు వచ్చిన సంగతి ఇది. మిర్యాలగూడ దగ్గర పల్లె. పెద్దామెకు 66 ఏండ్లు, దవడ క్యాన్సర్, మెడ గడ్డల దాకా పాకింది. "కోతలొద్దు, కరెంటొద్దు (రేడియేషన్), సూదులొద్దు, ఇంట్లనే పోత" అని తేల్చి చెప్పింది. నొప్పికి డాక్టర్ రాసిన మార్ఫిన్ గోలీలు కూడా తీసి పక్కకు పెడుతున్నది. కొడుకులేమో జావలో కలిపి తాగిద్దామంటున్నరు. కోడలు అది మోసం, వద్దంటున్నది. ఎవరి మాట నిలవాలె? సొంత ఇంటి కథలు వద్దు, తెలిసిన పని గురించి రాయండి.

గోలీల దుకాణం, దేవరకొండ
నాది కొడుకుల పక్షం. క్యాన్సర్‌కు వైద్యం వద్దన్నది గానీ నొప్పి కావాలని అనలేదు గదా. 10 మిల్లీగ్రాముల మామూలు గోలీ నీళ్లల్ల కరుగుతది, సగం చేసి జావల వేస్తే అయిపాయె. అది కూడా కష్టమైతే ఫెంటనిల్ పట్టీ ఉన్నది. వీపుకు అతికిస్తే 72 గంటలు దాని జోలికి పోయే పని లేదు, నొప్పుల ప్లాస్టర్ అనుకుంటది. రాత్రంతా మూలుగుతుంటే పక్క గదిల ఉన్నోళ్లకు ధర్మసూక్ష్మాలు గుర్తుకురావు.

సిస్టర్, పాలమూరు
అన్నా, ధర్మం సంగతి తర్వాత. ముందు లెక్క చూడండి, లెక్కలోనే ఈ ఉపాయం తప్పుతది.

దవడ క్యాన్సర్ మనిషి గ్లాసెడు జావ ఒక్కసారి తాగదు. నోరు రెండు వేళ్లంత తెరుచుకుంటే గొప్ప. పొద్దున 6 గంటలకు గోలీ కలిపిన జావ పెట్టిండ్రనుకోండి. నాలుగు గుటకలు తాగి పక్కకు పెడుతది. పొట్టలోకి పోయింది పావు వంతు. 8 గంటలకు మూలుగు మొదలైతే మందు పనిచేస్తలేదని కొడుకు ఇంకో గోలీ కలుపుతడు. 9 గంటలకు ఆకలై, చల్లారిన మొదటి గ్లాసు కూడా ఎత్తుకుంటది. ఎంత పడ్డదో ఎవ్వరికీ తెల్వదు. మార్ఫిన్ నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి ఇచ్చే మందు. మోతాదు తెల్వకుండా దాన్ని పెంచలేం, తగ్గించలేం. పైగా చేదు. రెండో రోజుకు జావ రుచి తేడా పసిగట్టి జావే మానేస్తది. తినే ఒక్కటీ పోతది.

ఇంకో ప్రమాదం. 12 గంటలు పనిచేసే గోలీలు వేరే ఉంటయి, పైన ఎస్‌ఆర్ అని రాసి ఉంటది. వాటిని నలిపితే పూటంతటికి సరిపోయే మందు ఒక్కసారే ఒంట్లకు దిగుతది. ట్యూబులో పోయాలన్నా, నలగ్గొట్టాలన్నా మామూలు గోలీయే కావాలె. ఇంట్ల రెండు రకాలూ ఒకే డబ్బాల పోసి పెట్టొద్దు.

ఫెంటనిల్ పట్టీ మాట అసలే వద్దు. 25 నంబర్ పట్టీ అంటే రోజుకు దాదాపు 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ మింగినట్టు. ఇంతవరకు ఆ జాతి మందు అలవాటు లేని మనిషికి అది మొదటి మందు కాకూడదు. అతికించినంక పని మొదలవడానికి సగం దినం పడుతది, ఎక్కువైందని పీకేసినా తోలు కింద నిలువ ఉన్నది దిగుతనే ఉంటది. జ్వరమొచ్చినా, వేడినీళ్ల సంచి పెట్టినా ఇంకా వేగంగ దిగుతది. మన దిక్కు మే నెలల రేకుల ఇంట్ల పండుకున్న మనిషికి ఒళ్లు కాలిపోతుంటది. ప్లాస్టర్ అనుకొని కాపుడం పెట్టించుకుంటే?

వకీలు, హాలియా
చట్టం సంగతి రెండు ముక్కల్లో. తెలివిలో ఉన్న పెద్దమనిషి వైద్యం వద్దనొచ్చు. ప్రాణాన్ని పొడిగించే చికిత్సను నిరాకరించే హక్కును సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది, అలాంటి చికిత్స వద్దని ముందే రాసి పెట్టుకునే పత్రం పద్ధతిని 2023లో సులువు చేసింది. కాబట్టి చెప్పకుండా మందు పెట్టడానికి "మా అమ్మే గదా" అన్నది సమాధానం కాదు. ఇంకో అపోహ: మార్ఫిన్ దొరకడమే నేరం అన్నట్టు మాట్లాడుతరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన ఆస్పత్రులు దీన్ని నిలువ ఉంచి ఇవ్వొచ్చన్నారు. బజారు మెడికల్ షాపులో మామూలుగా ఉండదు, అంతే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది. అంతదూరం పోయేముందు జిల్లా ప్రభుత్వ దవాఖానలో పాలియేటివ్ కేర్ సెంటర్ అని అడగండి. చీటీ, పాత రిపోర్టులు పట్టుకుని ఇంటి మనిషి పోయి మొదట మాట్లాడి రావొచ్చు.

గోలీల దుకాణం, దేవరకొండ
పట్టీ విషయం ఒప్పుకుంట. మరి ఆమె గోలీ ముట్టకపోతే ఏం చేస్తరు సిస్టర్? ప్రతి సాయంత్రం ఆర్‌ఎంపీని పిలిచి డైక్లోఫినాక్ నొప్పి సూది ఏపిచ్చుడేనా?

సిస్టర్, పాలమూరు
ఆ సూదే చాలా ఇండ్లల్ల మార్ఫిన్‌కు చెడ్డపేరు తెస్తది. నీళ్లు సరిగ తాగని మనిషికి రోజూ డైక్లోఫినాక్ పడితే కిడ్నీలు దెబ్బతింటయి. మార్ఫిన్ బయటికి పోవాల్సింది కిడ్నీల నుంచే. అక్కడ ఆగిపోతే పాత మోతాదే ఎక్కువైతది: మత్తుగ పడి ఉండుడు, చేతులు కాళ్లు ఉలిక్కిపడ్డట్టు ఎగురుడు. ఊరంతా "మార్ఫిన్ ఇచ్చి చంపిండ్రు" అంటది. సూది సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక ఆమె "వద్దు". ఆ ఒక్క మాట కింద ఏమున్నదో అడిగిండ్రా? "గోలీ ఎందుకొద్దు అత్తమ్మా" అని కోడలు పక్కన కూసొని అడిగితే నాలుగైదు జవాబులే వస్తయి, ఒక్కోదానికి ఒక్కో పని ఉంటది.

"మింగితే మండుతది" అంటే నోటి పుండ్లు. సగం గోలీని చెంచెడు నీళ్లల్ల నలిపి, సూది తీసేసిన సిరంజితోని మంచిగున్న దవడ పక్కకు మెల్లగ పోయాలె, వెంట చెంచెడు చక్కెర నీళ్లు. గ్లాసెడు నీళ్లకు అర చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలిస్తే నోరు కాస్త తేట పడుతది.

"కడుపు ఉబ్బుతుంది" అంటే మలబద్ధకం. చాలామంది గోలీ మానేసేది దీనికే. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే రాత్రి విరేచనం గోలీలు, బిసాకొడిల్ 5 మిల్లీగ్రాములవి రెండు మొదలవ్వాలె, మూడు రోజులు బిగిసినంక కాదు. మధ్యల నీళ్ల విరేచనం కారితే తగ్గిందనుకోకండి. గట్టిపడ్డ మలం పక్కనుంచి కారుతుండొచ్చు.

"వాంతికొస్తది" అన్నది మొదటి వారం సంగతి. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ డాక్టరే రాస్తడు. మత్తు రెండు మూడు రోజులల్ల దిగుతది.

"అది సచ్చేటోళ్లకిచ్చే మందు" అంటే, అదే అసలు భయం. ఆ భయాన్ని జావల కలిపి తాగించలేం. తెలిసిన రోజు అన్నం కూడా అనుమానంగ చూస్తది.

మోతాదు డాక్టర్ రాసిందే. మామూలుగ 5 మిల్లీగ్రాములు, బాగ బక్కగున్న ముసలోళ్లకు 2.5తోని మొదలుపెడుతరు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. తెల్లవారుజామున 2 గంటలకు లేపకుండ 10 గంటలకు రెండింతలు రాస్తరు. నడుమ నొప్పి లేస్తే అదే మోతాదు ఒకటి అదనం, టైము గోడ మీద రాయాలె. రోజుకు రెండు మూడు అదనాలు పడుతుంటే ఆ కాగితం డాక్టర్‌కు చూపియ్యండి, పెంచుతడు. నొప్పి ఎంతని పదిలో లెక్క అడిగితే పెద్దోళ్లకు తోచదు. "రూపాయిల ఎన్ని పైసలు ఉంది?" అంటే ఠక్కున చెప్తరు. లేపితే లేవకపోయినా, నిమిషానికి ఊపిరి 8 కన్నా తగ్గినా తర్వాతి మోతాదు ఆపి వెంటనే డాక్టర్‌కు ఫోన్.

రిటైర్డ్ సూపర్‌వైజర్, నాగర్‌కర్నూల్
ఎవ్వరూ అడగని ప్రశ్న ఒకటి: పెద్దామె కల్లు తాగుతదా? సిగ్గుపడే విషయం కాదు, లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. చెట్టు కల్లు వేరు, దుకాణం కల్లు వేరు. కల్తీ సీసాల్లో క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు ఉంటయి. దాని మీద మార్ఫిన్ పడితే రెండు మత్తులు కలిసి ఊపిరి మందగిస్తది. ఇగ మంచాన పడ్డదని ఒక్కసారే బంద్ చేస్తే రెండు మూడు రోజులల్ల చేతులు వణుకుడు, పిచ్చిపిచ్చిగ మాట్లాడుడు, ఫిట్స్. అప్పుడు కూడా పేరు మార్ఫిన్‌కే. రోజుకెన్ని సీసాలో మొదటి రోజే డాక్టర్‌కు చెప్పండి. మెల్లగ ఎట్ల తగ్గించాల్నో ఆయన చెప్తడు.

కట్టు పని, కొల్లాపూర్
దవడ బయటికి పుండయితే వాసన. మనుమలు దగ్గరకు రావట్లేదనే చాలామంది ఇగ బతకొద్దనుకుంటరు. అర లీటర్ మరిగించి చల్లార్చిన నీళ్లల్ల చెంచా ఉప్పు, దాంతోనే కడగాలె. మెట్రోనిడజోల్ 400 గోలీలు మెత్తగ నూరి గాజు గుడ్డ (కట్టు గుడ్డ) మీద చల్లి పెడితే రెండు మూడు రోజులల్ల వాసన దిగుతది. ఎండిన కట్టును పీకొద్దు, తడిపి తీయాలె, లేకుంటే నెత్తురు. మెడ పక్క పుండు లోతుగ ఉంటే ముదురు ఎరుపు తువ్వాల మంచం దగ్గర ఉంచండి. ఒకవేళ నెత్తురు ఎక్కువొస్తే అద్దినప్పుడు పెద్దామెకు అంత భయంగ కనబడదు.

గోలీల దుకాణం, దేవరకొండ
సరే, జావ ఆలోచన వెనక్కి తీసుకుంట. ఒక్క దగ్గర మాత్రం తగ్గను. ఆఖరి వారం మాట పడిపోతది, మింగలేదు. అప్పుడు ఎవలను అడుగుతరు? "సూదులొద్దు" అన్నదని మూలుగుతుంటే చూస్తరా?

సిస్టర్, పాలమూరు
లేదు. కాకపోతే ఆ మాట ఇప్పుడే, తెలివిలో ఉన్నప్పుడే అడగాలె. ఆమె వద్దన్నది నరానికెక్కించే సెలైన్, కీమో సూదులు అయ్యుండొచ్చు. ఆఖర్ల ఇచ్చేది అది కాదు. తోలు కింద సన్నటి సీతాకోకచిలుక సూది ఒకటి పెట్టి టేపు వేస్తరు, మళ్లమళ్ల గుచ్చకుండ దాంట్లనే మందు ఇస్తరు. చూపించి అడగండి: "మింగలేని రోజు ఇది పెట్టాల్నా?" అవునంటే కోడలు కాగితం మీద రాసి పెట్టుకోవాలె, సెంటర్‌ల ముందే చెప్పాలె. కాదంటే దవడ లోపల చుక్కలు చుక్కలుగ పోసే పద్ధతి వాళ్లనడిగి నేర్చుకోవాలె.

ఆలస్యం చెయ్యకండి. ఈ నెల రెండు వేళ్లు పడుతున్న నోరు, వచ్చే నెల చెంచా పట్టకపోవచ్చు.