పాత న్యూ వేవ్ వీడియోలు అసలు రూపంలో ఎక్కడ దొరుకుతాయి?

1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోల ఛానెల్ ఎంటీవీ మొదలైంది. ఆ తొలినాళ్ల న్యూ వేవ్ (పంక్ తర్వాత వచ్చిన పాప్-రాక్ సంగీతం) వీడియోలు మళ్లీ చూస్తున్నాను, ముఖ్యంగా దర్శకుడు రసెల్ మల్కాహీ తీసినవి. ఆ ఛానెల్ మొట్టమొదట వేసిన బగుల్స్ పాట ఆయన తీసిందే. 1982లో డ్యురాన్ డ్యురాన్ బ్యాండ్‌తో శ్రీలంక వెళ్లి తీసిన ‘సేవ్ ఎ ప్రేయర్’ అయితే నాకు మహా ఇష్టం. సిగిరియా కొండ మీద సింథసైజర్ పాటేమిటో గానీ, భలే కుదిరింది!

చిక్కల్లా ఇప్పుడు దొరికే కాపీలతోనే. 4:3లో (పాత టీవీల ఆకారంలో) తీసినవాటిని ఇప్పటి టీవీల వెడల్పుకి సరిపెట్టాలని పైనా కిందా కోసేశారు, తలలు తెగిపోతున్నాయి. ఇంకొన్నిటిని కంప్యూటర్‌తో ఎంత నున్నగా చేశారంటే మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. ఆ గ్రెయిన్ (ఫిల్ము మీద కనిపించే సన్నటి నలుసులు) లేకపోతే ఇంకేం అందం?

అందుకే పాత డీవీడీలు కొందామనుకుంటున్నా. బ్రిటిష్ బ్యాండ్లకు పాల్ (బ్రిటన్ టీవీ పద్ధతి) డిస్కులు మేలా, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అయినా తేడా ఉండదా? ఏది ఫిల్ము మీద తీశారో, ఏది వీడియో టేపు మీదో చూసి పోల్చుకోవడమెలా? స్టీవ్ బారన్ తీసిన హ్యూమన్ లీగ్ ‘డోంట్ యూ వాంట్ మీ’ లాంటివి ఇంకేమైనా ఉంటే చెప్పండి. డ్యురాన్ డ్యురాన్‌వి వద్దులెండి, అవన్నీ చూసేశాను.