పారిష్ కౌన్సిల్ సీటు పోయేలా ఉంది: ఇండియా నుంచి సంతకం స్కాన్ చేసి పంపితే చెల్లుతుందా?

ఇంగ్లాండ్‌లో మా ఊరి పారిష్ కౌన్సిల్‌లో (మన గ్రామ పంచాయతీ లాంటిది) నేను కౌన్సిలర్‌ని (జీతం లేని పనే). మొత్తం ఏడుగురం. నాన్నగారి ఆపరేషన్ వల్ల మార్చి నుంచి గుంటూరులోనే ఉన్నాను. చివరిగా వెళ్లిన మీటింగ్ ఫిబ్రవరి 11న. 1972 లోకల్ గవర్నమెంట్ చట్టం సెక్షన్ 85 ప్రకారం వరుసగా ఆరు నెలలు హాజరు కాకపోతే సీటు పోతుంది. గడువు దాటేలోపే కౌన్సిల్ నా కారణాన్ని ఆమోదించాలి.

క్లర్క్ పాపం ఈ ఆమోదం విషయం జులై 8 మీటింగ్ అజెండాలో పెట్టారు. ఆ రోజు వచ్చింది ఇద్దరే. కోరం (మీటింగ్‌కి కనీసం ఉండాల్సిన సభ్యులు) ముగ్గురు, అందుకే మీటింగ్ జరగలేదు. ఆగస్టులో మాకు మీటింగే ఉండదు. జూమ్‌లో వస్తానంటే అది హాజరు కిందకి రాదన్నారు. ప్రత్యేక మీటింగ్ పిలవమని ఛైర్మన్‌కి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు.

ఇద్దరు సభ్యులు సంతకాలు పెట్టి అడిగాక ఏడు రోజుల్లో ఛైర్మన్ పిలవకపోతే, ఎవరైనా ఇద్దరు సభ్యులు పిలవొచ్చని అదే చట్టం షెడ్యూల్ 12లో చదివాను. ఆపైన మూడు పూర్తి రోజుల నోటీసు, అందులో ఆదివారం లెక్కలోకి రాదు. టైం లేదు, టెన్షన్‌గా ఉంది. ఇంకో సభ్యురాలు సంతకానికి ఒప్పుకున్నారు. రెండో సంతకం నేను ఇక్కడి నుంచి స్కాన్ చేసి మెయిల్‌లో పంపితే చెల్లుతుందా, లేక అసలు కాగితమే చేరాలా?