రాష్ట్ర జట్టు ఆడపిల్లను క్రికెటర్‌గా తయారు చేస్తుందా, తయారైన పిల్లను ఏరుకుంటుందా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు అందుకున్న తరువాత, నేను ఉదయం పూట పిల్లలకు ఆట నేర్పే మైదానానికి ఆడపిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తండ్రుల సంఖ్య పెరిగింది. పక్కనే ఉన్న కడప జిల్లా పల్లె నుంచి వెళ్లిన శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిందన్న సంగతి వారందరికీ కంఠస్థం. వారు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "మా పాప ఆంధ్రా జట్టులోకి ఎప్పుడు వెళుతుంది, సార్?" జట్టులో చేరితే చాలు, మిగతాదంతా జట్టే చూసుకుంటుందని వారి నమ్మకం.

వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన నాకు ఆ నమ్మకం లేదు. రాష్ట్ర జట్టు అనేది ఏడాది పొడవునా నడిచే బడి కాదు. టోర్నీకి కొద్ది రోజుల ముందు శిబిరం పెడతారు, పదిహేను మందిని ఎంచుతారు, మ్యాచ్‌లు అయిపోగానే ఎవరి ఊరికి వారు వెళ్లిపోతారు. ఆ కొద్ది రోజుల్లో కోచ్ పదకొండు మందిని ఎలా కూర్చాలా అని చూస్తాడే గాని, ఒక పిల్ల బౌలింగ్ యాక్షన్‌లో భుజం ముందే తెరుచుకుంటోందని గమనించి దాన్ని సరిదిద్దే తీరిక అతనికి ఉండదు. కాబట్టి దేశవాళీ జట్లు తయారైన వారిని ఎంచుకుంటాయే తప్ప ఎవరినీ తయారు చేయవని నా వాదన. కాదనేవారు దయచేసి ఉదాహరణలతో చెప్పండి.

పాత స్కోరరు (ఒంగోలు):

మాష్టారు గారికి నమస్కారం. మీరు అడిగిన ఉదాహరణను మీరే ఇచ్చారు. 2024 డిసెంబరులో మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ శ్రీచరణిని 55 లక్షల రూపాయలకు తీసుకుంది. అప్పటికి ఆమె భారత సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మరి ఆ ఫ్రాంచైజీ వారు ఆమెను ఎక్కడ చూశారు? ఆమె సొంత మండలం వీరపునాయునిపల్లె పొలం గట్ల మీద కాదు గదా. ఆంధ్ర తరఫున ఆడిన దేశవాళీ మ్యాచ్‌లలోనే చూశారు. 2025 ఏప్రిల్‌లో వన్డేల్లోకి వచ్చింది, జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తన తొలి టీ20లోనే ఇంగ్లండ్ మీద 12 పరుగులకు 4 వికెట్లు తీసింది.

క్రాంతి గౌడ్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్ జిల్లా ఘువారా అనే చిన్న ఊరు ఆమెది. 2024-25 సీజన్ సీనియర్ మహిళల వన్డే టోర్నీ ఫైనల్లో బెంగాల్ మీద 25 పరుగులకు 4 వికెట్లు తీసి మధ్యప్రదేశ్‌ను గెలిపించింది. 2025 జులైలో చెస్టర్‌-లె-స్ట్రీట్‌లో ఇంగ్లండ్ మీద 52 పరుగులకు 6 వికెట్లు తీసింది. ఏడాది తిరగకముందే రెండు పెద్ద మ్యాచ్‌లు. మొదటిది లేకుండా రెండవది వచ్చేదా? నెట్స్‌లో ఎన్ని వేల బంతులు వేసినా, ఫైనల్లో క్రీజులో కుదురుకున్న బ్యాటర్‌కు ఎదురుగా నిలబడి ఆరు బంతులు వేయడం అలవాటు కాదు. ఆ అలవాటును ఇచ్చేది రాష్ట్ర జట్టే. నేర్పేవాడు మాత్రమే తయారు చేస్తాడని మీరనుకుంటున్నారు. పరీక్ష కూడా తయారు చేస్తుందని నేను అంటున్నాను.

బిట్రగుంట లోకోషెడ్డు:

మీరిద్దరూ ఆడే పిల్లల గురించి మాట్లాడుతున్నారు. ఆట మానేసే పిల్లల గురించి నేను రెండు మాటలు చెబుతాను. రైల్వే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను.

2006లో భారత మహిళా క్రికెట్ సంఘం బీసీసీఐలో కలిసిన తరువాత జరిగిన సీనియర్ మహిళల వన్డే టోర్నీల్లో అత్యధికం గెలిచింది రైల్వేస్ జట్టు. మిథాలీ రాజ్, హర్మన్‌ప్రీత్ కౌర్ ఇద్దరూ ఆ జట్టుకు ఆడినవారే. మన ఆంధ్ర నుంచి సబ్బినేని మేఘన, ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి కూడా ఆ వైపు వెళ్లారు. రైల్వేస్ వీరికి బ్యాటింగ్ నేర్పిందా అని అడిగితే, నేర్పలేదనే చెబుతాను. నెల తిరిగేసరికి జీతం ఇచ్చింది, ఆడుకోవడానికి సెలవు ఇచ్చింది. ఇరవై రెండేళ్లకు "ఇక చాలు, సంబంధాలు చూస్తున్నాం" అనే ఇంట్లో ఆ జీతం ఎంత పని చేస్తుందో మా కాలనీలో చూసి ఉన్నాను. క్రికెట్‌లో నిలకడ వచ్చే వయసుకు ఆడపిల్ల ఆటలో మిగిలి ఉండటమే పెద్ద విషయం. అలా మిగిల్చిన జట్టు తయారు చేసిన జట్టే అవుతుంది.

డబ్బు లెక్క కూడా మారింది. 2021లో సీనియర్ మహిళలకు దేశవాళీ మ్యాచ్ రుసుమును 12,500 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. 2025 డిసెంబరులో వన్డేకు, అలాగే బహుళ దినాల మ్యాచ్‌లో రోజుకు 50,000 అని, టీ20కి 25,000 అని నిర్ణయించారు. తుది జట్టులో లేనివారికి అందులో సగం. ఒక అమ్మాయి సీజన్‌లో ఎనిమిది వన్డేలు, ఏడు టీ20లు ఆడిందనుకుందాం, 5 లక్షల 75 వేలు చేతికొస్తాయి. డబ్ల్యూపీఎల్‌లో జట్లు ఐదే, అక్కడికి చేరేవారు వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్యే. ఈ 5 లక్షల 75 వేలు మాత్రం రాష్ట్రంలో పదకొండు ఇళ్లకు చేరే మాట. తండ్రులతో మాట్లాడేటప్పుడు, మాష్టారూ, వేలం పాట కన్నా ఈ లెక్క చెప్పండి.

ఆత్మకూరు అమ్మ:

నేను క్రికెట్ తెలిసినదాన్ని కాదు. మా అమ్మాయి ఆడుతుంది కాబట్టి నాలుగేళ్లుగా మైదానాల గట్ల మీద కూర్చుంటున్నాను. లోకోషెడ్డు గారు చెప్పిన ఐదు లక్షల దాకా వెళ్లే దారి ఎలా ఉంటుందో పెద్దలకు తెలియాలని రాస్తున్నాను.

గత ఏడాది ఎంపికలకు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఇంట్లో బయలుదేరాము. అక్కడ అరవై మంది దాకా పిల్లలు ఉన్నారు, నెట్లు రెండే ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు మా అమ్మాయి వంతు వచ్చింది. ఆరు బంతులు వేయించారు. నాలుగవది వేస్తున్నప్పుడు ఎంపిక చేసే పెద్దమనిషి ఫోనులో మాట్లాడుతున్నారు. "సరేనమ్మా, కబురు చేస్తాం" అన్నారు. ఆరు బంతుల్లో ఏం తెలుస్తుందండీ? బియ్యం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, నిజమే, కానీ ఆ మెతుకునైనా వేళ్ల మధ్య నలిపి చూస్తాం గదా.

పదిహేనేళ్లలోపు, పంతొమ్మిదేళ్లలోపు, ఇరవై మూడేళ్లలోపు అని మెట్లు ఉన్నాయని అందరూ చెబుతారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య పిల్ల ఎక్కడ ఆడాలి? మా దగ్గర ఆడపిల్లల మ్యాచ్ అంటూ జరగడం ఏడాదికి మూడో నాలుగో. మిగతా రోజులు మగపిల్లలతో నెట్స్‌లో ఆడటమే.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):

అమ్మా, మీరు రాసిన చివరి వాక్యం దగ్గరే నా గోడు అంతా ఉంది. స్కోరరు గారూ, లోకోషెడ్డు గారూ చెప్పినవాటిలో చాలా వరకు ఒప్పుకుంటూనే, నా దగ్గర ఉన్న ఒక నోటుపుస్తకంలోని పేజీ చెబుతాను.

నా దగ్గర మూడేళ్లు నేర్చుకున్న ఎడమచేతి స్పిన్నర్ ఒకతె ఒక వయోవిభాగం జట్టుకు ఎంపికైంది. ఊరంతా దండలు వేసి పంపించాము. ఐదు మ్యాచ్‌లు జరిగాయి. రెండింటిలో బయట కూర్చుంది. ఆడిన మూడింటిలో కలిపి వేసింది ఏడు ఓవర్లు. బ్యాటింగ్ రాలేదు. తిరిగి వచ్చిన మర్నాడు మైదానంలో బూట్లు విప్పి నా ముందు తిరగేసి పెట్టింది. వెళ్లే ముందు కొన్న కొత్త మేకులకు ఉన్న నలుపు రంగు కూడా సగానికి పైగా అలాగే ఉంది. ఏమీ మాట్లాడలేదు. ఆ వారం రోజులు ఆమె ఇక్కడే ఉండి ఉంటే కనీసం నాలుగు వందల బంతులు వేసి ఉండేది. జట్టుకు ఎంపిక కావడం వల్ల ఆమె ఆట ఒక వారం వెనకబడింది.

ఇంకొక చిన్న సంగతి, చాలామంది పట్టించుకోనిది. పురుషుల బంతి బరువు 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉంటే, మహిళలది 140 నుంచి 151 గ్రాములే, చుట్టుకొలత కూడా తక్కువ. శిక్షణ కేంద్రాలు మగపిల్లల బంతులనే పెట్టెలకు పెట్టెలు కొంటాయి. పాపం ఈ పిల్ల ఎంపికల రోజున మొదటిసారి అసలు బంతి పట్టుకొని, అరచేతిలో రెండుసార్లు తిప్పి, "ఇది చిన్నగా ఉంది సార్" అంది. మూడేళ్లు ఒక బంతితో వేళ్లకు అలవాటు చేసి, పరీక్ష రోజున ఇంకొక బంతి ఇస్తే ఆ పరీక్ష ఎవరిని తయారు చేస్తుంది, స్కోరరు గారూ?

పాత స్కోరరు (ఒంగోలు):

బంతి సంగతిలో మీదే పైచేయి. మా వైపు కూడా అదే తంతు. ఏడు ఓవర్ల సంగతి చదివిన తరువాత నా మాటను కొంత సవరించుకుంటాను: పరీక్ష తయారు చేస్తుంది, అయితే పరీక్ష రాయనివ్వాలి.

ఇదే వాదన పైస్థాయిలోనూ జరిగింది. 2023 డిసెంబరులో మన మహిళలు ఇంగ్లండ్‌ను టెస్టులో 347 పరుగుల తేడాతో ఓడించినప్పుడు దేశవాళీలో వారికి బహుళ దినాల టోర్నీయే లేదు. "లేకుండానే గెలిచారుగా, ఇంకెందుకు?" అన్నవారు ఉన్నారు. అయినా 2024లో పుణెలో జోన్ల మధ్య మూడు రోజుల మ్యాచ్‌లు మళ్లీ మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్‌లో చెన్నైలో దక్షిణాఫ్రికా మీద షెఫాలీ వర్మ 205 కొట్టి, జట్టు 6 వికెట్లకు 603 చేసిన టెస్టును నేను వెళ్లి చూశాను. షెఫాలీ వంటి పిల్ల ఏ ఏర్పాటూ లేకపోయినా పైకి వస్తుంది. ఏర్పాటు కావలసింది ఆమె తరువాతి ఇరవై మందికి. ఆ ఇరవై మందిలో మాష్టారి స్పిన్నర్ ఉంటుంది.

మన రెండు జిల్లాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఆంధ్ర క్రికెట్ సంఘం లెక్కల్లో నెల్లూరు దక్షిణ మండలంలోకి, ప్రకాశం మధ్య మండలంలోకి వస్తాయి. పినాకిని రైలు ఎక్కితే రెండు గంటల లోపు దూరంలో ఉన్న పిల్లలు మండల స్థాయి జట్టులో ఎన్నడూ కలిసి ఆడరు. మీ పిల్లలు అనంతపురం, కర్నూలు వైపు చూస్తారు, మావాళ్లు గుంటూరు, విజయవాడ వైపు చూస్తారు. సంఘాలు మార్చే దాకా ఆగకుండా మనమే ఈ వేసవిలో మూడు మ్యాచ్‌లు పెట్టుకుంటే ఎలా ఉంటుంది? నలభై ఓవర్లవి, ప్రతి బౌలర్‌కూ కనీసం ఐదు ఓవర్లు అనే షరతుతో.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):

ఆ షరతు నాకు నచ్చింది. మొదటి మ్యాచ్ మీ దగ్గరే పెట్టండి, ఎండ ముదరకముందే. మీ వైపు పదకొండు మంది అమ్మాయిలు ఉన్నారా?

పాత స్కోరరు (ఒంగోలు):

తొమ్మిది మంది ఉన్నారు. ఇద్దరిని కందుకూరు నుంచి అడుగుతున్నాను. 2022లో ఆ ఊరిని మీ జిల్లాలో కలిపినప్పుడు మేమెవరం అడ్డుపడలేదు కాబట్టి ఇప్పుడు మీరు అభ్యంతరం చెప్పకూడదు. స్కోరు నేను రాస్తాను. ఆడపిల్లల బంతులు మాత్రం మీరు తీసుకురండి, ఇక్కడ దుకాణంలో అడిగితే "అట్లాంటివి కూడా ఉంటాయా" అన్నారు.

ఆత్మకూరు అమ్మ:

మా అమ్మాయి పేరు కూడా రాసుకోండి, మాష్టారు గారూ. ఇరవై మందికి పులిహోర నేను తెస్తాను.