వైట్ బ్యాలెన్స్‌కి హిస్టోగ్రామ్‌ను నమ్మొచ్చా? (చర్చ)

ఒంగోలు స్టూడియో:
వైట్ బ్యాలెన్స్ అంటే ఫొటోలో తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేయడమే కదా, దానికి మా దగ్గర ఎడిటింగ్ చేసే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే. హిస్టోగ్రామ్‌లో (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) ఎరుపు, ఆకుపచ్చ, నీలం గ్రాఫులు మూడూ ఒకదానిమీద ఒకటి కూర్చునేదాకా రంగు మార్చే టెంపరేచర్, టింట్ స్లైడర్లు జరపమంటాను. పొద్దస్తమానం స్క్రీన్ చూసే కన్ను ఏ రంగుకైనా అలవాటుపడిపోతుంది. గ్రాఫ్ అలా కాదు. దీనికి అభ్యంతరం ఏంటి?

నెల్లూరు:
అన్నా, నలుగు ఫొటోలకి అలా చేసి చూడండి. పెళ్లికూతురి ఒంటినిండా పసుపు, వెనక బంతిపూలు, కట్టుకున్న చీరా పసుపే. పసుపు రంగున్న చోట నీలం చానల్ (ఫొటోలోని నీలం పాలు) తక్కువగా ఉంటుంది, కాబట్టి ఆ గ్రాఫ్ ఎడమవైపే ఉండాలి. దాన్ని లాక్కొచ్చి మిగతా రెండింటితో కలిపితే పసుపు పాలిపోతుంది, నాన్నగారి తెల్ల పంచె నీలం తిరుగుతుంది. ఫ్రేములోని రంగులన్నీ సగటున బూడిద రంగుకి వస్తేనే మీ లెక్క కుదురుతుంది. వరిచేలో తీసిన ప్రీ వెడ్డింగ్ షూట్‌కీ ఇదే చిక్కు, ముఖాలు మెజెంటా (ముదురు గులాబీ) కొడతాయి.

కావలి:
అలాగని హిస్టోగ్రామ్‌ను పక్కన పడేయక్కర్లేదు. ఆ పంచె మీదే చిన్న సెలెక్షన్ గీయండి. ఫొటోషాప్‌లో అప్పుడు ఆ ముక్క గ్రాఫే కనిపిస్తుంది. అక్కడ మూడూ కలిస్తే చాలు. ముఖం మీద పడ్డ వెలుగే పంచె మీదా పడి ఉండాలి. ఏ చానలైనా గరిష్ఠ విలువ 255 దగ్గర కోసుకుపోయి ఉంటే ఆ చోటు పనికిరాదు. కెమెరా వెనక చూపించే గ్రాఫ్‌తో తేల్చొద్దు, సాధారణంగా అది రా (ముడి) ఫైలుది కాదు, కెమెరా తన వైట్ బ్యాలెన్స్ వేసుకున్న మామూలు ఫొటో ఫైలు, జేపెగ్‌ది.

ఒంగోలు స్టూడియో:
పెళ్లిలో సరే, గ్రే కార్డు (రంగు కొలతకి వాడే బూడిద రంగు అట్ట) కూడా పెట్టుకోవచ్చు. బండలాగుడు పందేల్లో కార్డు పట్టుకుని గిత్తల ముందుకు ఎవరు పోతారు? గిత్త తెలుపే కదా, దాన్ని కొలతగా తీసుకుంటే?

నెల్లూరు:
తీసుకోండి, చోటు చూసి. పొట్ట కింద ఎర్రమట్టి వెలుగు తిరగబడి పడుతుంది, అక్కడ వద్దు. ఎండ సూటిగా పడే వీపు మంచిది. సాయంత్రం పందెమైతే వీపు మీద కూడా మూడు చానళ్లనీ సమానం చేయకండి. ఆ ఎండకి తెల్లగిత్త కాస్త బంగారు రంగులోనే కనిపిస్తుంది. ఎరుపు కొంచెం ముందు, నీలం కొంచెం వెనక ఉండనివ్వండి. ఎంత ఉంచాలన్నది మాత్రం గ్రాఫ్ చెప్పదు, ఆ పూట అక్కడ నిలబడి చూసినవాళ్లే చెప్పాలి.