డాకర్ గైడులో ‘రన్’: ఒక క్రియ చాలుతుందా?

ప్రశ్న: ఒక పైథాన్ వెబ్ యాప్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి డాకర్‌లో (యాప్‌ను దానికి కావలసినవాటితో కలిపి మూటకట్టి నడిపే సాధనం) ఎలా నడుపుకోవాలో డిగ్రీ పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. బిల్డ్, ఇమేజ్ (బిల్డ్ చేస్తే తయారయ్యే మూట) అలాగే ఉంచాను. కంటైనర్‌ను (ఆ ఇమేజ్ నుంచి మొదలై నడిచేదాన్ని) డబ్బా అందామా అనుకుంటున్నాను. చిక్కంతా రన్‌తోనే. డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా తయారుచేయాలో లైన్లుగా రాసే ఫైలు) లోపలా రన్ ఉంది, బయట డాకర్ రన్ అనే కమాండూ ఉంది. రెండింటికీ ‘నడుపు’ అంటే సరిపోతుందా?

– సరిపోదండీ. ఫైల్లో ఉండే రన్ ఇమేజ్ తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. ‘రన్ పిప్ ఇన్‌స్టాల్’ అని రాస్తే, లైబ్రరీలు దించి ఆ ఫలితాన్ని ఇమేజ్‌లో ఒక పొరగా దాచేస్తుంది. మళ్లీ బిల్డ్ పెట్టినప్పుడు ఆ లైనూ, దాని పైవీ, అవి కాపీ చేసే ఫైళ్లూ మారకపోతే పాత పొరనే వాడుకుంటుంది. డాకర్ రన్ పని వేరు. తయారైన ఇమేజ్ నుంచి కంటైనర్‌ను మొదలుపెడుతుంది. అప్పుడు ఏ ప్రోగ్రాం నడవాలో డాకర్‌ఫైల్‌లోనే ఉండే సీఎండీ (CMD) లైను చెబుతుంది. కొత్తవాళ్లు సర్వర్‌ను స్టార్ట్ చేసే కమాండును రన్ లైనులో పెట్టేసి, బిల్డ్ ఎంతకీ అవ్వడం లేదని టెన్షన్ పడుతుంటారు. ఎలా అవుతుంది? ఆ కమాండు ముగిస్తే గానీ బిల్డ్ కింది లైనుకు పోదు, సర్వరేమో తనంతట తాను ఆగదు. మనకు ప్రేరణార్థకం ఉండనే ఉంది కాబట్టి లోపలిదానికి ‘చేయించు’, బయటిదానికి ‘నడుపు’ అనండి.

– ‘ఆడించు’ను మరిచిపోయారేం? మర ఆడిస్తాం, గానుగ ఆడిస్తాం.

– భలే మాట, కానీ అది లోపలి రన్‌కే నప్పుతుంది. పిండి ఆడించడం ఒక విడతతో అయిపోయే పని. హోటల్ నడపడం అలా కాదు, తెరిచి ఉన్నంతసేపూ సాగుతూనే ఉండాలి. సర్వర్‌దీ అదే తీరు. (సినిమా వంద రోజులు ఆడింది కదా అని ఎవరో అడుగుతారు. అడగనివ్వండి.)

– మా ఆఫీసులో అయితే ‘కంటైనర్ లేపు’, ‘కంటైనర్ పడిపోయింది’ అంటాం. గైడులో ‘లేపు’ కూడా ఒకసారి వాడండి, రేపు ఉద్యోగంలో పిల్లలు వినేది ఆ మాటే.

– డబ్బా మాత్రం వద్దండీ. విశాఖ రేవులో ఓడలకెక్కించే సరుకు పెట్టెను కూడా కంటైనర్ అనే అంటారు. 2013లో వచ్చిన డాకర్‌కు ఆ పోలికే మూలం, లోగోలో తిమింగలం వీపు మీద ఉన్నవీ అవే.

– పనిలో పని, ఇంకొకటి. డాకర్ బిల్డ్ కమాండు చివర ఒక చుక్క ఉంటుంది. బిల్డ్‌కు కావలసిన ఫైళ్లు ఈ ఫోల్డర్‌లోనే ఉన్నాయని దాని అర్థం. కమాండును మీ వాక్యం మధ్యలో ఇరికిస్తే పిల్లలు ఆ చుక్కను ఫుల్‌స్టాప్ అనుకుని వదిలేస్తారు, ఎర్రర్ వస్తుంది. విడిగా ఒక లైనులో పెట్టండి. డాకర్ రన్‌కు మాత్రం ఆ చుక్క అక్కర్లేదని కూడా పక్కనే రాయండి.