కొత్త స్పీకర్లు 200 గంటలు మోగితే నిజంగా మారతాయా?

మాది హన్మకొండ. ఈమధ్యే ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకున్నాను: 5 అంగుళాల వూఫర్ (బేస్ పలికించే భాగం), 8 ఓమ్స్. పాత ఆంప్లిఫయర్‌కే కలిపాను. డప్పు దెబ్బలో బరువు లేదు. అంతకంటే ఇబ్బంది ఏంటంటే, ఆడగొంతు పాటల్లో 'స', 'ష' చెవిలో గుచ్చుకుంటున్నాయి.

వైర్ల ప్లస్, మైనస్ రెండు చివర్లా సరిచూశాను. బేస్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలోనే ఉన్నాయి. గోడకు రెండడుగుల దూరం నుంచి అరడుగుకి జరిపితే బేస్ కొంచెం పెరిగింది కానీ మాట మూసుకుపోయినట్టు వస్తోంది. గది 10 బై 12 అడుగులు, కింద టైల్స్. కర్టెన్లు వేసి, చాప పరిచినా 'స' తగ్గలేదు.

షాపాయన మాత్రం "200 గంటలు మోగనివ్వండి, అదే సెట్ అవుతుంది" అంటున్నాడు. అందుకే కుడి స్పీకర్ ఒక్కదాన్నే రాత్రిళ్లు పింక్ నాయిస్‌తో (బేస్ నుంచి ట్రెబుల్ దాకా అన్నీ కలిసిన 'హుష్' మోత) మోగించి, ఎడమదాన్ని పక్కన పెట్టేశాను (ఇంట్లో తిట్లు వేరే సంగతి). తర్వాత మోనోలో (రెండింటికీ ఒకే శబ్దం పంపి) ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి విన్నాను. నాకైతే తేడా తెలియలేదు.

వూఫర్ అంచు రబ్బరు, లోపలి స్పైడర్ (కోన్‌ను వెనక నుంచి పట్టి ఉంచే ముడతల రింగు) కొత్తలో బిగువుగా ఉండి కాస్త వదులవుతాయంటే నమ్ముతాను. దానివల్ల రెజొనెన్స్ (వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) కొద్దిగా కిందికి దిగుతుంది కూడా. కానీ ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికించే భాగం) గుచ్చుకోవడానికీ దానికీ ఏం సంబంధం? పైగా కేబుల్‌కు కూడా బర్న్-ఇన్ (ఇలా గంటలకొద్దీ మోగించి సెట్ చేయడం) కావాలంటుంటే అనుమానం ఇంకా పెరిగింది.

రిటర్న్ గడువు ఈ ఆదివారంతో అయిపోతుంది. మోగించిన స్పీకర్‌నీ మోగించనిదాన్నీ పక్కపక్కన పెట్టి విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: గంటలు గడిచాక ఈ 'స' గుచ్చుకోవడం మీకు నిజంగా తగ్గిందా?