అప్‌డేట్: రెండు చూసేశాను

కాస్త సైన్స్ ఫిక్షన్ కలిసిన చిన్న బడ్జెట్ ప్రేమకథలు చెప్పమని అడిగాను కదా, మీరు చెప్పినవాటిలో రెండు అయిపోయాయి. ముందు 2009 నాటి ‘టైమర్’. మనకు రాసిపెట్టిన మనిషి ఎప్పుడు ఎదురవుతాడో మణికట్టు మీది యంత్రం లెక్కపెట్టి చెబుతుంది. హీరోయిన్‌ది మాత్రం ఖాళీ. అవతలివాడు ఇంకా అది పెట్టించుకోలేదు మరి! అందుకే పరిచయమైనవాళ్లను పట్టుకెళ్లి మరీ పెట్టించేస్తుంటుంది. నవ్వొచ్చింది, పాపం అని కూడా అనిపించింది. ముగింపు నాకంతగా ఎక్కలేదు.

2012 నాటి ‘సేఫ్టీ నాట్ గ్యారంటీడ్’ మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. కాలప్రయాణానికి తోడు కావాలంటూ 1997లో ఒక పత్రికలో సరదాకి వేసిన ప్రకటనే దీనికి మూలమట. యంత్రం పనిచేస్తుందా లేదా అన్న టెన్షన్ చివరిదాకా లాగారు. మీరు చెప్పినవాటిలో టైమ్ లూప్‌వి, అంటే ఒకే సమయం మళ్లీ మళ్లీ తిరిగొచ్చే కథల సినిమాలు, ఇంకా మొదలుపెట్టలేదు.